నేను కొన్న ముసలి జిప్సీ సంగతి

ఒరేయ్ బావా,

బండి కొన్నానని తెలిసినప్పట్నుంచి ఫొటో పెట్టమని నా ప్రాణం తీస్తున్నావు. ఫొటోలో ఏం కనపడదురా. పెట్టిన డబ్బంతా బండి కిందే ఉంది. నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తే తప్ప నేనేం చేశానో ఎవరికీ తెలీదు. అందుకే ఈ ఉత్తరం.

2008 మోడల్ మారుతీ జిప్సీ, పెట్రోలు, 1298 సీసీ. మూడు లక్షల నలభై వేలకి వచ్చింది. "ఆ డబ్బుకి ఇంకొంత లోను కలిపితే కొత్త థార్ వచ్చేది కదా" అని నువ్వంటావని తెలుసు, మీ చెల్లెలు ఆల్రెడీ అనేసింది. థార్ టన్నున్నర పైమాటే. ఇది సుమారు టన్ను. బురదలో దిగబడితే నలుగురం తోసి బయటికి లాగొచ్చు. పైగా డిగ్రీ రోజుల్లో బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్ళినప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది, లోన్లతో తీరేది కాదు.

దీనికి ముందు నాలుగు బళ్ళు చూశాను. ఒకటి మిలటరీ వేలంలో కొన్నదట, చాసిస్ నంబరుకీ ఆర్సీలో నంబరుకీ పొంతన లేదు. ఇంకోటి అద్దంలా మెరిసిపోతోంది. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తితే కింద రోడ్డు కనపడింది. పాత జిప్సీకి రంగు చూడకూడదురా, ఫ్లోరు చూడాలి, వెనక చాసిస్ మీద స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. నేను కొన్నదానికి రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగిపోయాయి, కానీ ఇనుము గట్టిగా ఉంది. 2023లో పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ ఇంకో ఐదేళ్ళకి రెన్యువల్ చేయించి ఉంది. అది నాకు పెద్ద రిలీఫ్.

తెచ్చిన రోజే అరవై దాటగానే స్టీరింగ్ పూనకం వచ్చినట్టు ఊగింది. టైర్లనుకున్నాను. మెకానిక్ మేస్త్రి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, "కింగ్‌పిన్ బేరింగులు పోయాయి సార్" అన్నారు. ముందు చక్రం పక్కకి తిరిగే చోట ఉంటాయవి, రెండు వైపులా కలిపి నాలుగు. వాటితోపాటు నకిల్ సీళ్ళు, కమాన్ పట్టీల (బండి బరువు మోసే స్ప్రింగుల) బుష్షులు, బ్రేకు గొట్టాలు... ఒక్కోటీ చిన్న ఖర్చే, కలిపితే లక్షా ముప్పై వేలు. మీ చెల్లెలికి ఎనభై అని చెప్పాను, నువ్వు నోరు జారకు.

అందరిలా నేనూ మొదట్లో, కింద రాళ్ళు తగలకుండా బండిని ఐదంగుళాలు పైకి లేపించాలనే అనుకున్నాను. కమాన్లు యాక్సిల్ కింద నుంచి పైకి మారిస్తే బాడీ లేస్తుంది. మేస్త్రి ఒక్క మాట అడిగారు. "బాడీ లేస్తుంది సరే, క్రౌన్ ఎక్కడుంటుంది?" నిజమేరా. రాయికి ముందు తగిలేది యాక్సిల్ మధ్యలో, రెండు చక్రాలకీ తిరుగుడు పంచే గేర్లుండే ఆ క్రౌన్ గడ్డే. కమాన్లు ఎంత లేపినా అది అంగుళం కూడా కదలదు. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ టైరు ఎత్తు ఎంత పెరిగితే అందులో సగం. 205/70 సైజు టైర్లు తీసేసి 215/75వి వేయించాను, దక్కింది రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అంతే. దానికి తోడు బండి ఎత్తు మారిస్తే ఆర్సీ గొడవ. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది.

ఎవరికీ కనపడని ఇంకో పని చేయించాను. క్రౌన్ హౌసింగ్‌కి గాలి పీల్చుకునే చిన్న ముక్కు ఉంటుంది. పరిగెత్తి వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ ముక్కులోంచి నీళ్ళు లాక్కుంటుంది. పాత ఆయిల్ తీస్తే అచ్చం పాలెక్కువైన టీలా కారింది. ఇప్పుడు ఆ ముక్కుకి రబ్బరు గొట్టం తగిలించి బానెట్ లోపల పైదాకా తెచ్చాం. ఖర్చు మూడు వందలు కూడా కాలేదు.

ఇక మొదటి ప్రయాణం. అరకు దారిలోని అనంతగిరి దగ్గర తెలిసినవాళ్ళ కాఫీ తోటలో, వాళ్ళని అడిగే వెళ్ళాను. తారురోడ్డు దిగగానే కిందకి దిగి ఇంజిను బలం ముందు చక్రాలకీ అందేలా వాటి హబ్బులు లాక్ చేసి, లివరుని 4L (ఫోర్ బై ఫోర్ లో గేరు)కి లాగి, మహా గర్వంగా ఎక్కాను. రెండో మలుపులో గోతులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ముందు కుడి చక్రం ఒకటి, వెనక ఎడమ చక్రం ఒకటి గాల్లో తిరుగుతున్నాయి, నేలమీదున్న రెండూ కదలవు. ఫోర్ బై ఫోర్ అంటే నాలుగూ తోస్తాయనుకున్నాను బావా. మామూలు క్రౌన్‌లో పట్టులేని చక్రానికే తిరుగుడంతా పోతుందట. పావుగంట ఇంజిను అరిపించి చెమటలు కక్కాను.

అంతలో పైనుంచి ఓ పాత జీపు దిగింది. టాపు మీద మూటలు, లోపల పదిమంది. డ్రైవరు కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా టైరు వేలితో నొక్కి, "గాలి తియ్యండి అన్నా, ఇంత గట్టిగా ఉంటే ఎలా ఎక్కుద్ది" అన్నాడు. ముప్ఫై నుంచి పద్దెనిమిదికి దించాం. ఎడమ కాలు బ్రేకు మీద కొంచెం ఆనించి, కుడికాలు మెల్లగా ఇమ్మన్నాడు. తిరుగుతున్న చక్రాలకి బ్రేకు పడి, పట్టున్నవాటికి బలం వెళ్ళింది. బండి ముక్కుతూ మూలుగుతూ ఎక్కేసింది. జీపులో వెనక కూర్చున్న ముసలామె పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కాసేపయ్యాక.

ఇబ్బందల్లా దిగేటప్పుడు. తారురోడ్డు మీద ఆ గాలితో పరిగెత్తకూడదు కదా, పంక్చరు షాపు దొరికేదాకా ఎద్దుబండిలా నడిపాను. కాబట్టి సంక్రాంతికి వచ్చేటప్పుడు నా దగ్గర రెండేళ్ళ క్రితం పట్టుకెళ్ళిన ఆ గాలి పంపు తీసుకురా. పాడైపోయిందని కథలు చెప్పకు. కొత్తదైనా సరే.

నీ,
జిప్సీ బావ

తా.క.: వచ్చేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోకు. అద్దాల సందుల్లోంచి దుమ్ము వస్తోంది, దానికింకా డబ్బులు మిగల్లేదు.