వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా టైర్ల గొడవే

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక లేటయ్యింది, తెలుసు, తిట్టుకోకండి. మన ఆదివారం సైకిల్ రైడ్లు ఎప్పట్లాగే జరిగాయి, వానలకి కొన్ని ఆగిపోయాయి, కొత్తవాళ్లు చేరారు, పాతవాళ్లలో కొందరు మోకాళ్ల పేరు చెప్పి మాయమయ్యారు, జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతారు కాబట్టి నేను వాటి జోలికి పోను. ఇవన్నీ ప్రతి ఏడూ ఉండేవే. ఈసారి కొత్తగా మనం చేసిన పని ఒక్కటే, రైడ్‌కి ముందు టైర్లు చూసే బల్ల పెట్టడం, అందుకే ఈ నివేదికలో ముప్పావు వంతు దాని గురించే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఆ బల్ల ఎందుకు పెట్టాల్సొచ్చిందో చెప్పాలంటే నా పరువు నేనే తీసుకోవాలి. నా ముందు టైరుకి గాజుపెంకు తగిలి చీలిక పడింది, వేలి గోరంత, ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) అంచుకి కాస్త పక్కన. ట్యూబుకి ప్యాచ్ వేశా, డబ్బాలో ఇంకో ట్యూబ్ ప్యాచ్ మిగిలితే దాన్ని టైరు లోపలి వైపు ఆ చీలిక మీద అంటించా, గాలి కొట్టా, బాగానే ఉంది కదా ఇప్పుడే కొత్త టైరు ఎందుకు, ఇంకో రెండు నెలలు లాగేద్దాం అనుకున్నా. మూడో రైడ్‌లో నీళ్లు తాగడానికి ఆగినప్పుడు నా వెనక వచ్చే అమ్మాయి "అన్నా, మీ టైరు మీద ఆ గోళీ ఏంటి" అంది. చూస్తే నిజంగానే చీలికలోంచి ట్యూబు నల్లగా గోళీలా పొడుచుకొచ్చి ఉంది. వంగి వేలు పెట్టబోయానో లేదో ఢామ్మని పేలింది. ఆగి ఉన్నాం కాబట్టి చెవులు గింగురుమనడంతో సరిపోయింది, అదే దిగుడులో అయ్యుంటే ఈ నివేదిక వేరేవాళ్లు రాసేవాళ్లు.

ఆ రోజు సాయంత్రమే ఆ టైరు ముందేసుకుని కూర్చున్నాం. ట్యూబ్ ప్యాచ్ అనేది గాలి కారకుండా ఆపడానికి చేసింది, అది సాగుతుంది, సాగాలి కూడా, ట్యూబుతో పాటు ఉబ్బాలి కదా. టైరు చీలిక దగ్గర కావాల్సింది అస్సలు సాగనిది. 100 పీఎస్ఐ గాలి అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 7 కిలోల తోపు. అది ఇరవైనాలుగు గంటలూ బయటికి తోస్తూనే ఉంటుంది, సైకిలు గోడకి ఆనించి ఉన్నా సరే. దాన్ని పట్టుకుని ఉండేది పైన కనపడే నల్ల రబ్బరు అనుకుంటాం గానీ నిజానికి లోపలున్న దారాలు, ఎక్కువగా నైలాన్, ఒక బీడ్ (టైరుని రిమ్ముకి పట్టి ఉంచే గట్టి అంచు) నుంచి ఇంకో బీడ్‌కి ఏటవాలుగా పరిచి ఉంటాయి. రబ్బరుది రోడ్డుని పట్టుకోవడం, ఆ దారాలని కాపాడటం, అంతే. టైరు మీద 60 టీపీఐ, 120 టీపీఐ అని రాసేది ఈ దారాల లెక్కే, అంగుళానికి ఎన్ని అని. ఎక్కువ ఉంటే దారం సన్నగా ఉంటుంది, టైరు మెత్తగా హాయిగా దొర్లుతుంది, కోత పడితే మాత్రం తొందరగా తెగుతుంది. నా టైరులో తెగిన దారాల కొసలు లోపలి వైపు పీచులా లేచి కనపడుతున్నాయి, నేను వాటి మీదే ప్యాచ్ అంటించి ముసుగేశానన్నమాట.

అందుకని బల్ల దగ్గర ఎవరు ఏ టైరు తెచ్చినా మేం మొదట అడిగింది ఒకటే, దారం తెగిందా లేదా. బయటి నుంచి చూస్తే తెలీదు. టైరు విప్పి, కోత ఉన్న చోట లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, వెనక నుంచి ఫోన్ లైటు వేస్తే చిల్లు ఉంటే వెలుతురు వస్తుంది, పీచు ఉంటే కనిపిస్తుంది. బయట ఘోరంగా కనపడిన కోతల్లో చాలావరకు రబ్బరులోనే ఆగిపోయాయి, లోపల నున్నగా ఏమీ లేదు. అలాంటివి వదిలేయొచ్చు. కాకపోతే కోతలో ఇరుక్కున్న గాజుముక్కలు, రాళ్లు సూదితోనో సన్న స్క్రూడ్రైవర్‌తోనో తీసెయ్యాలి, తియ్యకపోతే చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కో పిసరు లోపలికి దిగి ఎప్పటికో దారం దాకా వెళ్తాయి. కొంతమంది ఆ కోతలో ఇన్‌స్టంట్ గ్లూ వేస్తారు, మళ్లీ మట్టి దూరకుండా పనికొస్తుంది, దాంతో టైరుకి బలం వచ్చేస్తుందని మాత్రం అనుకోవద్దు.

దారం తెగితే అప్పుడు ఎంత, ఎక్కడ అన్నది చూశాం. ట్రెడ్ మధ్యలో మేకు దిగిన చిల్లులా రెండు మూడు మిల్లీమీటర్లయితే లోపల గట్టి గేటర్ (చీలిక వెనక అంటించే సాగని ముక్క) వేసి వెనక చక్రానికి వాడుకోవచ్చు అన్నాం. అర సెంటీమీటరు దాటితే ఇంటికి చేరేదాకే గేటర్, చేరాక టైరు మార్చాల్సిందే. పక్కగోడ మీద అయితే అసలు చర్చ లేదు, అక్కడ రబ్బరు పల్చటి పొర మాత్రమే, ప్రతి తిప్పుకీ వంగేది అదే, అక్కడ దారం తెగితే వేసిన గేటరు కూడా నిలవదు. పక్కగోడ మీద పైపైన గీత పడి దారం నున్నగా కనపడుతూ ఒక్కటి కూడా తెగకపోతే ఏం చెయ్యాలన్న దాని మీద మాత్రం మాలో మాకే ఒప్పందం కుదర్లేదు, నేనైతే ముందు చక్రానికి వెయ్యను.

ఉబ్బు గురించి కూడా చెప్పాలి. గాలి నిండా కొట్టి చక్రం తిప్పితే ఒకచోట టైరు ఎగిరిపడినట్టు అనిపిస్తే రెండు కారణాలుండొచ్చు. ఒకటి బీడ్ రిమ్ములో సరిగ్గా కూర్చోకపోవడం. టైరు పక్కన రిమ్ముకి దగ్గరగా చుట్టూ ఒక సన్న గీత ఉంటుంది చూడండి, అది అన్నిచోట్లా రిమ్ము నుంచి ఒకే దూరంలో ఉందో లేదో చూసి, లేకపోతే గాలి తీసి మళ్లీ కూర్చోబెడితే సరిపోతుంది. గీత సమంగానే ఉండి టైరు మాత్రం ఉబ్బితే లోపల దారాలు తెగాయని అర్థం, ఆ టైరుతో సందు చివరిదాకా కూడా వెళ్లొద్దు. బీడ్ వైరు విరిగినా, మడతపెట్టే టైర్లలో బీడ్ నలిగి పీచులేచినా అంతే, టైరుని రిమ్ముకి పట్టి ఉంచేదే అది కదా.

ఇప్పుడు పారెయ్యక్కర్లేని టైరు కథ. కొత్తగా చేరిన ఒకతనికి వెనక చక్రం వరసగా మూడు రైడ్లలో పంక్చర్. ఒక షాపులో టైరు పోయింది మార్చాల్సిందే అన్నారట, అతను పాపం సరేనని కొత్తది కొనడానికి సిద్ధమై, ఎందుకైనా మంచిదని బల్ల దగ్గరికి తెచ్చాడు. ట్యూబు తీసి చూస్తే మూడు ప్యాచ్‌లూ వాల్వ్ నుంచి ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. అతను టైరు వేసేటప్పుడు కంపెనీ పేరు వాల్వ్ దగ్గరికి వచ్చేలా వేసే అలవాటున్నవాడు (అందరూ నేర్చుకోండి, అందానికి కాదు అది), కాబట్టి టైరులో ఎక్కడ వెతకాలో వెంటనే తెలిసిపోయింది. వేళ్లతో తడిమితే ఏమీ తగల్లేదు. దూది ఉండ తీసుకుని లోపల తిప్పితే ఒకచోట పోగు పట్టుకుంది. చూస్తే తలవెంట్రుకంత ఇనప తీగ, కార్లూ లారీల టైర్లలో ఉండే స్టీల్ బెల్టు చిరిగి రోడ్డు మీద రాలిపోయే రకం. గాలి ఉన్నప్పుడు మాత్రమే లోపలికి పొడుచుకొస్తుంది, చేత్తో నొక్కితే దాక్కుంటుంది. కనుబొమ్మలు లాగే ప్లకర్‌తో తీశాం, అర సెంటీమీటరు కూడా లేదు. ఆ టైరు ఇప్పటికీ తిరుగుతోంది. ట్యూబు చిల్లు వేరు, టైరు దెబ్బ వేరు, ఈ రెండూ కలిపేసి జనం మంచి టైర్లు పారేస్తున్నారు, నాలాంటి వాళ్లు పోయిన టైర్లు దాచుకుంటున్నారు.

దీనికి రివర్స్ కేసు కూడా వచ్చింది. ఒకాయన పక్కగోడ చిరిగిందని కొత్త టైరు వేయించుకుంటే నెల తిరక్కుండా అదే వైపు అదే ఎత్తులో మళ్లీ చిరిగింది, కంపెనీని నానా మాటలూ అంటూ వచ్చాడు. సైకిలు తిరగేసి బ్రేకు పట్టి చూస్తే ప్యాడ్ రిమ్ము మీద కాకుండా పైకి జరిగి టైరుని ఒరుసుకుంటోంది. టైరు మార్చే ముందు అది ఎందుకు పోయిందో చూడకపోతే ఇదే వరస, ఒకటి తర్వాత ఒకటి కొంటూ పోవాలి.

అరుగుదల గురించి కోశాధికారి గారితో జరిగిన గొడవ మీలో చాలామంది చూశారు. ఆయన టైరు పక్కన సన్నగా పగుళ్లు, ఎండకీ గాలిలో ఓజోన్‌కీ రబ్బరు ఎండిపోయి వచ్చేవి, అవి చూసి అందరూ మార్చేయండి సార్ అంటే ఆయన వినలేదు. విప్పి చూస్తే పగుళ్లు పైపైనే, దారం దాకా లేవు, ఆయన మాటే నెగ్గింది. కానీ అదే టైరు ట్రెడ్ మధ్యలో చదునుగా బల్లలా అయిపోయింది, గుండ్రం పోయింది, ఒకచోట గట్టిగా బ్రేకు పట్టి జారించినట్టున్నారు, రబ్బరు చెరిగి నైలాన్ అల్లిక తేలి కనపడుతోంది. అక్కడ మేం నెగ్గాం. కాంటినెంటల్ లాంటి కొన్ని టైర్ల మీద ట్రెడ్‌లో చిన్న చిన్న గుంటలు ఇస్తారు, అవి కనపడనంతగా అరిగితే మార్చమని లెక్క. గుంటల్లేని టైర్లకి ఈ చదునే గుర్తు. ఈ మధ్య పంక్చర్లు ఎక్కువయ్యాయి అనిపించినా అదే, రబ్బరు పల్చబడిపోయింది.

బరువు ఎక్కువ వెనకే పడుతుంది, తొక్కే బలమూ అక్కడే కాబట్టి వెనక టైరే మొదట అరిగిపోతుంది. అందరూ కొత్తది కొని వెనకే వేస్తారు. వద్దు. ముందున్న టైరు బాగుంటే దాన్ని వెనక్కి మార్చి కొత్తది ముందు వెయ్యండి. వెనక టైరు పేలితే ఎలాగోలా తూలుకుంటూ ఆపుకోవచ్చు, ముందుది పోతే హ్యాండిల్ మన మాట వినదు.

ట్యూబ్‌లెస్ వాళ్లు మాకు ఈ గోలే లేదు, లోపల పోసిన సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) చూసుకుంటుంది అంటారు. చిన్న చిల్లులకి నిజమే, కాస్త పెద్దదైతే ప్లగ్గు (రబ్బరు ముక్క) కుక్కితే నిలుస్తుంది, ట్రెడ్‌లో వేసిన ప్లగ్గు కదలకుండా ఉంటే టైరు అరిగేదాకా ఉంచినా తప్పులేదు. అయితే సీలెంట్ కొన్ని నెలలకి ఎండిపోతుంది, ఒకాయన విప్పితే లోపల ఎండిన రబ్బరు ఉండలు తప్ప చుక్క లేదు. దారాల లెక్క వీళ్లకీ అదే, ప్లగ్గు పట్టనంత కోత పడితే టైరు అయిపోయినట్టే. హుక్‌లెస్ రిమ్ములు (లోపలి అంచున టైరుని పట్టే కొక్కెం లేనివి) ఉన్నవాళ్లు 5 బార్, అంటే 72 పీఎస్ఐ చిల్లర దాటకూడదు, పక్కవాడు 100 కొడుతున్నాడని మీరూ కొట్టకండి.

గేటర్ తయారీ ఒక ఆదివారం అందరికీ చూపించాం. పాత టైరు పక్కగోడ ముక్కే అన్నింటికంటే బాగా పనిచేసింది, బీడ్ తీసేసి, కోతకి అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, మూలలు గుండ్రం చేసి, అంచులు గరుకు కాగితంతో పల్చగా రుద్ది, సొల్యూషన్ పూసి తడి ఆరాక అంటించాలి. అంచులు రుద్దకపోతే ఆ అంచే ట్యూబుని కొరికేస్తుంది. రోడ్డు మీద ఏమీ లేకపోతే మడిచిన కరెన్సీ నోటు, ఎనర్జీ జెల్ కవరు, ఏది సాగకపోతే అది పెట్టి, గాలి కాస్త తగ్గించి, నెమ్మదిగా ఇంటికి. ఇక్కడ మన పెద్దాయన ఒకరు చెప్పింది రాయాలి, 1888లో డన్‌లప్ గాలి టైరు చేసినప్పుడు దాన్ని రిమ్ముకి అంటించేసేవాళ్లు, పంక్చరైతే రోజంతా పోయేది, 1891లో మిషెలిన్ వాళ్లు విప్పి బిగించే టైరు తెచ్చాక అదే ఏడు పారిస్-బ్రెస్ట్-పారిస్ రేసు షార్ల్ తెరాన్ దాని మీదే గెలిచాడు. ఆయన ఇది చెప్తున్నంతసేపూ మా సొల్యూషన్ ఎండిపోయి మళ్లీ పూయాల్సొచ్చింది, అది వేరే సంగతి.

కమిటీలో అనుకున్నవి ఇవి. గేటర్ వేసిన టైరు ముందు చక్రానికి ఉంటే గ్రూప్ రైడ్‌కి రానివ్వం, అలిగినా సరే, మొదట ఆపేది నన్నే. ఉబ్బున్న టైరు ఏ చక్రానికైనా వద్దు. బల్ల దగ్గర చూసి మార్చమని చెప్పాక మార్చాలా లేదా అన్నది మీ ఇష్టం, కానీ మళ్లీ అదే టైరుతో వస్తే గుంపు చివర తొక్కాలి. వచ్చే ఏడాది బల్ల నెలకి ఒకసారే, ప్రతి ఆదివారం అంటే చూసేవాళ్లకి రైడ్ మిస్సవుతోంది, చూడటం నేర్చుకుంటామనే ఇద్దరు ముగ్గురు కావాలి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ఇంట్లో పడున్న పాత టైర్లు పట్టుకురండి, గేటర్లకి కోసుకుందాం. వైరు బీడ్ ఉన్నవయితే ఆ వైరు ఇంటి దగ్గరే కత్తిరించి తెండి, నా కట్టర్ పోయినసారే విరిగింది.

ఇట్లు
మీ కార్యదర్శి