రెండంచెల క్లచ్: ముందు పెడల్ దగ్గర, తరువాతే లోపల

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. దాళ్వా కోతలు సజావుగా ముగిశాయనీ, అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందనీ చదివి ఎంతో సంతోషించాను. ఇక నువ్వు రెండు పేజీల నిండా రాసిన ట్రాక్టర్ సంగతికి వస్తాను. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కినా పీటీఓ షాఫ్టు (వెనుక పనిముట్టుకు ఇంజిన్ బలాన్ని అందించే ఇరుసు) ఆగడం లేదనీ, గేర్లు మాత్రం చప్పుడు లేకుండా పడుతున్నాయనీ, మెకానిక్ చూసి బండిని విడగొట్టి క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నాడనీ రాశావు. ఆ ఖర్చుకు ఒప్పుకునే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు. గేరు సాఫీగా పడుతోందన్న మాటతోనే సగం సంగతి తేలిపోయింది: మొదటి అంచె విడుతోంది, రెండో అంచె దాకా పెడల్ బలం చేరడం లేదు.

ఈ క్లచ్‌లో రెండు ప్లేట్లుంటాయి. ఒకటి గేర్‌బాక్స్‌కు, రెండోది పీటీఓకు బలాన్ని అందిస్తుంది. ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టుల మీద ఇవి కూర్చుంటాయి. పెడల్ సగం దాకా తొక్కితే రిలీజ్ బేరింగు (పెడల్‌తో ముందుకు జరిగే బేరింగు) ఫింగర్లను, అంటే క్లచ్ మీది చిన్న మీటలను నెట్టి గేర్‌బాక్స్ ప్లేటును విడిపిస్తుంది, బండి ఆగుతుంది, వెనుక రోటావేటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గట్టు దగ్గర గేరు మార్చుకునేటప్పుడు పనిముట్టు ఆగకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఇంకా కిందికి తొక్కితే, ముందే కొలిచి వదిలిన చిన్న సందు పూడిపోయి, అడ్జస్టింగ్ బోల్టులు రెండో ప్రెజర్ ప్లేటును (క్లచ్ ప్లేటును అదిమిపట్టే పళ్లేన్ని) కూడా లాగుతాయి. అప్పుడు పీటీఓ ఆగుతుంది. 1950లలో వచ్చిన ఫెర్గూసన్ 35 తరహా బళ్లలో హైడ్రాలిక్ పంపు కూడా పీటీఓ షాఫ్టుతోనే నడుస్తుంది కాబట్టి, ఆ వంశపు బళ్లలో పెడల్ పూర్తిగా తొక్కగానే లిఫ్టు కూడా ఆగిపోతుంది. అది లోపమనుకుని లిఫ్టును విప్పించిన వారున్నారు.

కాబట్టి మొదట చూడవలసింది పెడల్ ప్లే, అంటే పెడల్ పని మొదలుపెట్టే ముందు ఖాళీగా కదిలే దూరం. ఇంజిన్ ఆపి, పెడల్‌ను చేత్తో నొక్కు. తేలిగ్గా కదిలి, గట్టిదనం తగిలే చోటు దాకా ఎంత దూరం కదిలిందో స్కేలుతో కొలువు. చాలా ట్రాక్టర్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అయితే నీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే నీకు ప్రమాణం. ప్లే ఎక్కువైతే పెడల్ ప్రయాణంలో కొంత వృథాగా పోయి, రెండో అంచె విడవక ముందే పెడల్ అడుగుకు తగులుతుంది. నీ బండి లక్షణం సరిగ్గా ఇదే. పెడల్‌ను క్లచ్‌కు కలిపే లింకేజీ రాడ్డు లాక్ నట్టు వదులు చేసి సరిచేయడం చిన్న పని. ఆ రాడ్డు పిన్నులు అరిగి ఉంటే ముందు వాటిని మార్పించు, లేకపోతే చేసిన సెట్టింగు నిలవదు. పెడల్ కింద ఎండిన మట్టి పేరుకుందేమో కూడా చూడు. అయితే పీటీఓ ఆగాలన్న ఆత్రంలో ప్లే మొత్తం తీసేయవద్దు. ప్లే లేని క్లచ్‌లో రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఫింగర్లను రాసుకుంటూ తిరుగుతుంది, ప్లేటు పూర్తిగా బిగియక జారుతుంది, వేడెక్కి మాడిపోతుంది.

ప్లే సరిచేసినా షాఫ్టు ఆగకపోతే అప్పుడు లోపలి సందు వైపు వెళ్లాలి. చాలా బళ్లలో క్లచ్‌ను కప్పే ఇనుప గూడుకు, అంటే బెల్ హౌసింగ్‌కు, చిన్న మూత ఉంటుంది. దాన్ని విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ, ఒక్కొక్క అడ్జస్టింగ్ బోల్టును ఆ మూత తీసిన కిటికీ ఎదుటికి తెచ్చి, దాని దగ్గరి సందును ఫీలర్ గేజ్‌తో (సందులను కొలిచే పలుచని రేకులతో) కొలవాలి. ఇంజిన్ పొరపాటున కూడా స్టార్టు కాకుండా బ్యాటరీ తీగ ముందే విప్పించు. సందు ఎక్కువైతే పీటీఓ ఆగదు. తక్కువైతే సగం పెడల్‌కే పీటీఓ ఆగిపోతుంది. అన్ని బోల్టుల దగ్గరా సందు ఒక్కటిగా ఉండటం అంకె ఎంత ముఖ్యమో అంత ముఖ్యం, ఎందుకంటే ఒకటి తేడాగా ఉంటే ప్రెజర్ ప్లేటు వాలుగా లేచి, ఒక పక్క విడిచి మరో పక్క పట్టుకునే ఉంటుంది.

పరీక్షించేటప్పుడు ఒక్క మాట ఖచ్చితంగా పాటించు. ఆగుతున్న షాఫ్టును కాలితో గానీ కర్రతో గానీ ఆపి చూడవద్దు, చుట్టుపక్కల కండువాతో, లుంగీతో ఎవరినీ నిలబడనివ్వవద్దు. పీటీఓ షాఫ్టు తిరిగే వేగం నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. బట్ట అంచు చిక్కితే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. పనిముట్టు తగిలించని షాఫ్టు పెడల్ తొక్కాక కూడా నూనె జిగటకు కొద్ది క్షణాలు నెమ్మదిగా తిరగవచ్చు, దాన్ని చూసి కంగారుపడనవసరం లేదు.

బండి విడగొట్టే మాటకు నేను ఒప్పుకునేది రెండు మూడు సందర్భాల్లోనే. పై గేరులో బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి; ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూ మాడిన వాసన వస్తే ప్లేటు జారుతున్నట్టు. అలాగే బెల్ హౌసింగ్ అడుగున రంధ్రంలో వేలాడే చిన్న స్ప్లిట్ పిన్నును వేలితో తడిమి చూడు. అది అదురుతూ రంధ్రంలో మట్టి గడ్డకట్టకుండా చూస్తుంది. దాని కొసన నల్లటి నూనె కనబడితే ఇంజిన్ వెనుక సీలు, ఘాటైన గంధకం వాసన నూనె అయితే గేర్‌బాక్స్ సీలు పోయిందని అనుమానించాలి. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయిస్తే డబ్బు దండగ. విడగొట్టక తప్పకపోతే రిలీజ్ బేరింగు, షాఫ్టు ముందు కొసను మోసే పైలట్ బేరింగు అప్పుడే మార్పించు. వాటి కోసం మళ్లీ విడగొట్టడం కన్నా పెద్ద నష్టం లేదు.

మీ డెల్టా పొలాల్లో దమ్ము పని ఎక్కువ కాబట్టి మరొకటి రాస్తాను. నీళ్లు లోపలికి పోకుండా బెల్ హౌసింగ్ అడుగు రంధ్రానికి ప్లగ్ బిగించుకుంటే, దమ్ము ముగిసిన రోజే తీసేసి లోపలి తడి కారనివ్వాలి. నెలల తరబడి నిలిపిన బండిలో తుప్పుతో ప్లేటు ఫ్లైవీల్‌కు (ఇంజిన్ వెనుక బరువైన చక్రానికి) అతుక్కుపోతుంది. అందుకే సార్వా దమ్ము అయ్యాక నిలిపేటప్పుడు పెడల్‌ను తొక్కి చెక్క ముక్కతో అలాగే ఉంచమని మీ డ్రైవరుకు చెప్పు. నడిపేటప్పుడు మాత్రం పాదం పెడల్ మీద ఆనించి పెట్టే అలవాటు మాన్పించు. నేను చూసినంతవరకు క్లచ్‌లను తినేది ఆ అలవాటే.

ముందు ప్లే కొలిచి, అవసరమైతే సందు కొలిచి, ఆ రెండు అంకెలూ మాన్యువల్‌లోని అంకెలతో సహా నాకు రాసి పంపు. అప్పటిదాకా మెకానిక్‌కు బయానా ఇవ్వవద్దు.

నీ మిత్రుడు