పిండి పొంగలేదన్నావుగా

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం క్షేమం. నా మోకాలు కాస్త సర్దుకుంది. నువ్వు చివరిగా పంపిన ఫోటోకి జవాబు రాద్దామని కూర్చున్నాను. "నాన్నా, రొట్టె పిండి పొంగట్లేదు, ఈస్టు చచ్చిపోయిందా?" అని అడిగి ఇవాళ్టికి 23 రోజులు. అప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టాను, నువ్వు విననే లేదు. పెద్దత్తయ్య వాళ్ల బుజ్జిగాడు ఎవరి దగ్గరో విన్నాడట, నువ్వు ఉద్యోగం మానేశావని, ఆ పిల్లలతో కలిసున్న ఇల్లు కూడా ఖాళీ చేశావని. నేను నమ్మలేదు. అడగడమూ లేదు. ఈస్టు సంగతే రాస్తున్నాను.

చలికి ఈస్టు చావదు తల్లీ, మందగిస్తుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్న పిండి కూడా లోపల్లోపల నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది. ఫోటోలో నీ గిన్నె కిటికీ గట్టు మీద ఉంది. కెనడాలో, ఆ విన్నిపెగ్ చలికాలంలో గట్టు దగ్గర 15 డిగ్రీలైనా ఉంటాయా? అక్కడ పెట్టి గంటలో పొంగమంటే ఎలా? రాత్రంతా వదిలేస్తే పొంగేది. అసలు ఆ గదిలో హీటరు పనిచేస్తోందా? కరెంటు బిల్లుకి భయపడి ఆపుకోకు. డబ్బు కావాలంటే అడుగు.

15 నుంచి 25కి వెళ్తే ఈస్టు వేగం దాదాపు రెట్టింపవుతుంది. పిండి 25, 28 మధ్య ఉంటే రొట్టెకి పొంగూ వస్తుంది, రుచీ వస్తుంది. ఇంకా వేడెక్కితే ఉరుకుతుంది, 40 దాటాక నీరసిస్తుంది, 55, 60 దగ్గర చచ్చిపోతుంది. తొందర కొద్దీ కాగే నీళ్లు పోశావేమోనని నా అనుమానం. నీకు చిన్నప్పట్నుంచీ తొందరే. నీళ్లు మణికట్టు మీద పోసుకుంటే గోరువెచ్చగా తగలాలి. అందులో చిటికెడు పంచదార, ఈస్టు వేసి పది నిమిషాలు చూడు. నురగొస్తే బతికే ఉంది.

నీకు రెండేళ్లప్పుడు, రోహిణి కార్తెలో, మా బేకరీ మేస్త్రీ తన కూతురి పెళ్లని ఊరెళ్లాడు. బేకరీ నా ఒక్కడి చేతిలో పెట్టాడు. హాస్టలుకి 300 బన్నులు ఇవ్వాలి. ఎండాకాలం మేస్త్రీ నీళ్లలో ఐసు ముక్కలు వేసి పిండి కలిపేవాడు, ఈస్టు సగానికి తగ్గించేవాడు. ఆ రాత్రి ఐసు బండి రాలేదు. నేను చలికాలం లెక్కనే ఈస్టు వేసి, మైదా బస్తాల మీద నడుం వాల్చాను. రెండింటికి మెలకువొచ్చేసరికి పిండి తొట్టి అంచు దాటి నేల మీదికి జారుతోంది. గదంతా కల్లు వాసన. ఈస్టు పంచదార తిని గాలితో పాటు సారాని కూడా పుట్టిస్తుంది కదా. పిడికిళ్లతో అణిచి, బన్నులు చుట్టి భట్టీలో పెట్టాను. పొంగాల్సినవి చతికిలబడ్డాయి. పైన ఎర్రగా కాలనే లేదు, ఎందుకంటే రంగు తెచ్చే తీపినంతా ఈస్టు ముందే తినేసింది. హాస్టలువాళ్లు తిప్పి పంపేశారు. మేస్త్రీ తిరిగొచ్చి ఒక బన్ను విరిచి వాసన చూశాడు, ఒక్క మాట అనలేదు. నష్టం నా జీతంలో పట్టించుకోమన్నాను. మీ అమ్మకి నెల దాకా చెప్పలేదు. పిల్లదానికి పాలడబ్బా ఎందుకు తేలేదని అడిగితే ఏదో ఒకటి అనేవాణ్ణి. చివరికి చెప్తే, "మర్నాడే తెలుసు, నీ చొక్కా వాసన చెప్పింది, నువ్వే చెప్తావని చూశాను" అంది. ఆ నెలంతా నేను పడ్డ నరకం నువ్వు పడకూడదు తల్లీ. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. ఇంట్లో చెప్పకుండా మాత్రం ఉండకు. చూశావా, అడగనని అడిగేశాను.

మీ అమ్మ మాఘమాసంలో ఇడ్లీ పిండి గిన్నెకి పాత దుప్పటి చుడుతుంది కదా. అందులో ఈస్టు కంటే బాక్టీరియా పనే ఎక్కువ, అయినా వెచ్చదనం దానికీ కావాలి. నువ్వు ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె పక్కన గ్లాసుడు వేడినీళ్లు పెట్టి తలుపు మూసెయ్. గంటన్నరలో రెట్టింపవుతుంది. బయటికెళ్తే చెవులు కప్పుకో, ఉన్ని మేజోళ్లు రెండు జతలు వేసుకో.

మీకు ఆదివారం పొద్దున తొమ్మిదైతే మాకు రాత్రి ఎనిమిదిన్నర. మీ అమ్మ ఫోను చార్జింగులో పెట్టి పక్కనే కూర్చుంటుంది. రొట్టె రాకపోయినా ఫోను చెయ్యి.

నాన్న