ల్యాబ్ సంగతి తర్వాత, ముందుగా గది తెరవండి

సంపాదకుడు గారికి,

డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ ఎందుకు చతికిలపడిందంటే అందరూ ల్యాబులు లేవనే అంటారు. అది నిజమే. కానీ సిద్ధాంత భౌతికశాస్త్రానికి కావలసింది బోర్డు, సుద్దముక్క, పుస్తకాలు, ఎదురు ప్రశ్న వేసే నలుగురు మనుషులు. అవైనా ఎందుకు లేవు?

సిద్ధాంత భౌతిక శాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ (1923–2008) సంగతి మనవాళ్లకు పెద్దగా తెలియదు. తండ్రి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు, నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టినవారు. కొడుకు కాస్మిక్ కిరణాల వెంట పడ్డారు. ఆకాశం నుంచి దూసుకొచ్చిన ఒక్క కణం గాలిలో ఢీకొని రెండై, నాలుగై, జల్లులా దిగుతుంది. ఫలానా శక్తి ఉన్న కణాలు సగటున ఎన్నుంటాయి, ఆ లెక్క ఎంత అటూ ఇటూ ఊగుతుంది అన్నది తేల్చడానికి ఆయన 'ప్రొడక్ట్ డెన్సిటీ' పద్ధతి కనిపెట్టారు. అంతా కాగితం మీది పనే.

1957–58లో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో ఉండి వచ్చాక మద్రాసు మైలాపూరులోని సొంతింట్లో, ఏకామ్ర నివాస్‌లో, విద్యార్థులను కూర్చోబెట్టి సెమినార్లు మొదలుపెట్టారు. వచ్చిపోయే శాస్త్రవేత్తలను పట్టుకొచ్చి వాళ్లచేత మాట్లాడించేవారు. 1960లో పరమాణు నిర్మాణాన్ని వివరించిన నోబెల్ శాస్త్రవేత్త నీల్స్ బోర్ ఆ ఇంటికి వచ్చారు. ఆ పిల్లల్ని చూసి ఆయన మెచ్చుకున్న మాట నెహ్రూ దాకా వెళ్లింది. ఆ ఊపుతోనే 1962 జనవరి 3న మద్రాసులో గణితశాస్త్ర సంస్థ (మ్యాట్‌సైన్స్) మొదలైంది. ప్రారంభించింది ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

పెద్ద ఇల్లు, పెద్ద పరిచయాలు ఉన్నవారికి సాధ్యమైంది, మిగతావాళ్ల సంగతేంటి అనొచ్చు. సరిగ్గా అందుకే ఆ ఇల్లు చేసిన పని ఇప్పుడు ప్రభుత్వ కాలేజీ చేయాలంటున్నాను. మన పిల్లలకు ఫిజిక్స్ అంటే ఈఏపీసెట్‌లో 40 ప్రశ్నలు. నిమిషానికో బిట్ కొట్టే టెన్షన్‌లో 'ఎందుకు' అని అడిగే తీరికెక్కడిది?

హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) కేంద్రం, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. తిరుపతిలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధన సంస్థ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడి అధ్యాపకుల్లో నెలకొకరిని జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పిలవాలి. బస్సు ఛార్జీ, టీ ఖర్చు కాలేజీ పెట్టుకోవాలి. మిగతా వారాల్లో సాయంత్రం గది తాళం తీసి ఉంచితే చాలు, పిల్లలే బోర్డు దగ్గరికి వస్తారు. హాజరుకు మార్కులు, సర్టిఫికెట్లు మాత్రం వద్దు. ఇంటర్ పిల్లలనూ రానివ్వాలి.

— ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, నెల్లూరు