ఒంటిగంట ఫిరంగి

ఎడిన్‌బరా,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

నిన్న ఫోన్‌లో నువ్వు గొంతు సర్దుకుని "అంతా బానే ఉందిలే" అన్నప్పుడే అర్థమైంది, నాన్న మళ్ళీ రాత్రంతా పడుకోలేదని. దాచకు. దాస్తే ఇక్కడ నాకు ఇంకా భయం.

నా పని బానే సాగుతోంది. చలి మాత్రం ఎక్కువ, నువ్విచ్చిన శాలువా కప్పుకునే రాస్తున్నా.

ఇక్కడ కోటలో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారని చెప్పాను కదా. అది మోగితే మీకు ఆరున్నర, నాన్నకి మాత్ర వేసే వేళ అనుకుంటా. ఆదివారం మోగదు. ఇవాళ ఏమీ తోచక కోటకే వెళ్ళొచ్చా.

అక్కడి కథ ఒకటి నాన్నకి చదివి వినిపించు. 1479లో స్కాట్లండ్ రాజు మూడో జేమ్స్ సొంత తమ్ముణ్ణే ఆ కోటలో ఖైదు చేయించాడు. ఆల్బనీ డ్యూక్, పేరు అలెగ్జాండర్. లీత్ రేవుకి వచ్చిన ఫ్రాన్స్ ఓడ నుంచి ఆయనకి రెండు పీపాల వైన్ వచ్చిందట. ఒకదాంట్లో మైనపు ముద్ద, దాని లోపల ఉత్తరం. రెండోదాంట్లో తాడు. కాపలా అధికారిని భోజనానికి పిలిచి, బాగా తాగించి, అతన్నీ అతని మనుషుల్నీ చంపేశారు. ఈ ముక్క నాన్నకి చదవకు, అసలే నిద్ర పట్టదు.

ముందు డ్యూక్ నౌకరు ఆ తాడుతో కోట గోడ దిగాడు. తాడు చాల్లేదు. రాళ్ళ మీద పడి తొడ ఎముక విరిగింది. సరిగ్గా నాన్నకి విరిగిన చోటే అమ్మా. డ్యూక్ పక్క దుప్పట్లు తాడుకి ముడేసి పొడుగు చేసుకుని క్షేమంగా దిగాడు. రేవులో ఓడ సిద్ధంగా ఉంది, దొరికితే ప్రాణం పోతుంది. అయినా నౌకర్ని వదల్లేదు, వీపున వేసుకున్నాడు. ఓడ దాకా మోశాడని కొందరు, భద్రమైన చోటికి చేర్చాడని కొందరు అంటారు.

గోడ దగ్గర నిలబడి కిందికి చూశా. నల్లటి రాయి, సందుల్లో తడి గడ్డి. కడుపులో తిప్పింది. అక్కణ్ణుంచి లీత్‌కి నడిచా, దాదాపు గంట పట్టింది. ఒట్టి చేతులతోనే.

ఆ డ్యూకే 1482లో ఇంగ్లండ్ సైన్యంతో కలిసి అన్న మీదికి వచ్చాడు, 1485లో పారిస్‌లో ఈటెల పోటీలో పోయాడు. అవన్నీ నాకెందుకో పట్టలేదు. ఆ రాత్రి బరువే మనసులో ఉంది.

నేను రాలేదని అత్త ఏమంటోందో తెలుసు. వీసా కాగితాలు ఇంకా తేలలేదు. ఈలోగా దేశం దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్ళీ మొదటికొస్తే అప్పెవరు తీరుస్తారు? రావాలని లేక కాదమ్మా. నువ్వన్నా నమ్ము.

మందుల డబ్బు గురువారం పంపా, అందిందా? ఈసారి నిమ్మకాయ పచ్చడి పంపకు, దారిలో కారుతోంది.

చిన్నోడికి చెప్పు, నాన్నని లేపేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచమని. వాడు నాన్నని వీపున వేసుకుని అరుగు మీదికి తెచ్చిన ఫోటో ఉంది కదా, మళ్ళీ పంపమను. ఫోన్ మార్చినప్పుడు పోయింది.

నీ
పెద్దమ్మాయి