విషయం: హంతకుణ్ణి కనిపెట్టినా రాని జవాబు గురించి

నిర్మాణ సంస్థ కస్టమర్ కేర్ అధికారి గారికి,

అయ్యా,

మీ కొత్త థ్రిల్లర్ బాగోలేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు. బాగోలేని సినిమాలు మాకు అలవాటే. నేల టికెట్టు రోజుల నుంచీ మీ బ్యానర్ పేరు తెర మీద పడితే ఈల వేసినవాణ్ణి. మీ ఫ్లాపులు కూడా మొదటివారంలోనే చూసి, బయటికొచ్చి "పర్లేదు" అని అబద్ధం చెప్పినవాణ్ణి.

ఈసారి పందెం కట్టింది మీరు. బందరు రోడ్డు పొడుగునా హోర్డింగులు, సిటీ బస్సుల వెనకాల బొమ్మలు, పేపర్లో మొదటి పేజీ నిండా ఒకటే మాట: "హంతకుడెవరో ఇంటర్వెల్ లోపు కనిపెట్టండి, టికెట్ డబ్బు వాపసు." హీరో ఇంకా ఇంట్రడక్షన్ పాటలో ఉండగానే మా ఆవిడ ఒకణ్ణి చూపించి "వీడే" అంది. మీ లింకులో పేరు పంపాం. "ధన్యవాదాలు, 48 గంటల్లో సంప్రదిస్తాం" అని వచ్చింది. చివరికి వాడే హంతకుడు.

ఆ 48 గంటలు ఏ లోకపు గంటలో గానీ, ఇంకా పూర్తికాలేదు. మీ నంబరుకి ఫోన్ చేస్తే ముందు మీ సినిమా టైటిల్ సాంగ్ వినాలి. అది నాకిప్పుడు కంఠతా వచ్చు. ఎత్తిన అబ్బాయి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్, థియేటర్‌ని అడగండి" అన్నాడు. థియేటర్ మేనేజరు టికెట్ బుక్ చేసిన యాప్‌ని అడగమన్నాడు. యాప్‌లో చాట్ చేసే మహాతల్లి, మనిషో మిషనో తెలియదు, చింపిన సగం టికెట్టు ఫొటో తీసి పంపమంది. ఫోన్లో క్యూఆర్ కోడ్ ఇచ్చినవాళ్లకి సగం టికెట్టు ఎక్కణ్ణుంచి తేను? ఆ మాటే అడిగితే "మీతో మాట్లాడటం సంతోషం" అని చాట్ మూసేసింది. గాంధీనగర్‌లో మీ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకీ వెళ్లాను. అక్కడి పెద్దమనిషి కలెక్షన్ల పోస్టర్ కింద కూర్చుని "రీఫండా? అదంతా పబ్లిసిటీ అండీ" అని నవ్వాడు. నిజం చెప్పింది ఆయనొక్కడే.

మీకు ఈమెయిల్ పెడితే వచ్చిన జవాబు మాత్రం ఫ్రేమ్ కట్టించుకోవాలి. నా ఫిర్యాదులో హంతకుడి పేరు ఉందట. అది కథా రహస్యాన్ని బయటపెట్టడం కిందికి వస్తుందట. అందుకని ఫిర్యాదు తొలగించారట! పేరు రాయకపోతే కనిపెట్టినట్టు రుజువు లేదంటారు, రాస్తే నేరమంటారు. ఇంత పకడ్బందీ స్క్రీన్‌ప్లే సినిమాలో పెట్టి ఉంటే మా ఆవిడకి కూడా చిక్కేవాడు కాదు.

ఆ తర్వాత మీ లీగల్ విభాగం నుంచంటూ ఒకమ్మాయి ఫోన్ చేసి, ప్రచారం వాగ్దానం కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పిందని పాఠం చెప్పింది. ఆ తీర్పు నాకూ తెలుసమ్మా. ట్రైలర్లో వేసిన పాట సినిమాలో లేదని ఒకావిడ వేసిన కేసది. నేనడిగేది పాటా కాదు, ఫైటూ కాదు. డబ్బు వాపసు అని మీరే అచ్చు వేయించిన మాట. ఈ ముక్క చెప్పేలోపు లైన్ కట్టయింది.

రెండు టికెట్ల డబ్బుతో నాకు మేడలు లేవవు. ఇస్తే కన్వీనియన్స్ ఫీజుతో సహా ఇవ్వండి, అది వేరే సంగతి. మీ సంస్థలో పేరున్న మనిషి ఒకరు ఫోన్ చేసి, మా ఆవిడతో "అమ్మా, మీరు కనిపెట్టారు" అనాలి. ఆమె ముందు నాకు తలకొట్టేసినట్టుంది.

వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా అక్కర్లేదు. ఈలోగా మీ సినిమా ఓటీటీలోకి వస్తోందని విన్నాను, సంతోషం. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ కట్టేవాడితో మాట్లాడి ఉంచాను. దాని మీద మీ సినిమా పేరు, పక్కన హంతకుడి పేరు, అంతే.

ఇట్లు,
టికెట్టు కొని చూసిన ప్రేక్షకుడు,
విజయవాడ

జతపరచినవి: మీ పేపర్ ప్రకటన, "48 గంటల్లో" అన్న మీ మెసేజి. హంతకుడి పేరు మీద నల్ల ఇంకు పూశాను, ఈసారి తొలగించడానికి వేరే కారణం వెతుక్కోండి.