ఆశ అక్కకు, ఏఎన్‌ఎమ్‌ గారికి, ప్రసూతి వార్డు సిబ్బందికి కృతజ్ఞతలు

మా పాప పుట్టి నిన్నటికి 42 రోజులు నిండాయి. ఆసుపత్రిలో ప్రసవమైన తల్లీబిడ్డలను ఆశ కార్యకర్త 3వ రోజు మొదలుకొని 42వ రోజు వరకు ఆరుసార్లు చూడాలన్నది నియమం. అందులో చివరిది కూడా పూర్తిచేసి వెళ్లిన మా ఊరి ఆశ అక్క పేరు రాయవద్దన్నారు కనుక, పేరు లేకుండానే ఈ మాటలు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఈ తీరంలోని వేలమంది మత్స్యకారుల్లాగే మా ఆయన కూడా గుజరాత్‌లోని వెరావల్‌కు బోటు పనికి వెళ్లి, 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక అక్కడే చిక్కుకుపోయారు. అప్పటికి నాకు ఎనిమిదో నెల. ఏప్రిల్ చివరి వారం దాకా మా జిల్లాలో ఒక్క కరోనా కేసూ బయటపడలేదు గానీ, భయం మాత్రం అంతకన్నా ముందే మా ఇంట్లోకి వచ్చింది. ఇరుకైన బోటులో అంతమందితో ఉన్న ఆయనకు ఏమవుతుందో, ఆసుపత్రికి వెళితే నాకు సోకుతుందేమో, నా నుంచి బిడ్డకు సోకుతుందేమో అన్న ఆలోచనలతో నిద్ర పట్టేది కాదు, అన్నం సహించేది కాదు. ఇంట్లోనే పురుడు పోయిస్తే మంచిదని ఇరుగుపొరుగు చెప్పిన సలహా నాకూ సబబుగానే తోచింది.

అందరూ భయపడవద్దని చెప్పేవారే. ఆ మాటతో ఎవరి భయం పోతుంది? బీపీ చూసి ఐరన్ మాత్రలు ఇచ్చి వెళ్లడానికి వచ్చిన ఏఎన్‌ఎమ్‌ (ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సు) గారు మాత్రం, రాత్రి ఏ వేళకు మెలకువ వస్తోందో, అప్పుడు ఏ ఆలోచన వస్తోందో అడిగి, ఒక్కొక్క భయానికీ విడిగా సమాధానం చెప్పారు. కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే ఇంట్లో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదని, తల్లికి కరోనా సోకినా కడుపులోని బిడ్డకు సోకడం అరుదని, మాస్కు పెట్టుకుని చేతులు కడుక్కుని పాలు ఇవ్వవచ్చని వివరించారు. టీవీలో కేసుల లెక్కలు చూడడం మానిపించి, ఆయనతో ఫోనులో మాట్లాడడానికి సాయంత్రం ఒక వేళ పెట్టించారు.

ఏప్రిల్ నెలాఖరున వెరావల్ నుంచి బస్సుల్లో బయలుదేరిన వారిలో మా ఆయన ఉన్నారు. ఆయన క్వారంటైన్‌లో ఉండగానే నాకు నొప్పులు మొదలయ్యాయి. మాస్కులతో ముఖాలు కనబడని మనుషుల మధ్య ప్రసవించడం ఎంత కంగారో అనుభవిస్తేనే తెలుస్తుంది. అది గ్రహించారు కాబోలు, వార్డులోని నర్సులు ప్రతిసారీ ముందు తామెవరో, ఇప్పుడు ఏం చేయబోతున్నారో చెప్పి మరీ దగ్గరకు వచ్చేవారు. పాపను తండ్రికి వీడియోలో చూపించినదీ వారే.

ఇంటికి వచ్చాక కారణం లేకుండా ఏడుపు వచ్చేది. పాప బరువుతో పాటు నా మనసు సంగతీ అడిగిన ఆశ అక్క, మొదటి రోజుల్లో చాలామంది బాలింతలకు ఇలా ఉంటుందని, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలని మా అమ్మను కూర్చోబెట్టి చెప్పారు. ఇంటింటికీ జ్వరాల సర్వే కూడా నెత్తిన పడ్డ ఆ రోజుల్లో, నెలకు పదివేల గౌరవ వేతనానికి ఆమె చేసిన చాకిరీ ఇది.

మమ్మల్ని ఇంటి గుమ్మం వరకు దించిన తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ డ్రైవరు గారికి, పైన చెప్పిన వారందరికీ మా ఇద్దరి నమస్కారాలు. వెరావల్ నుంచి వచ్చినవారి ఇళ్లలో గర్భిణులు ఇంకా ఉన్నారు. నిద్ర పట్టని సంగతిని కూడా మీ ఏఎన్‌ఎమ్‌ గారికి చెప్పండి, వింటారు.